చిన్నపిల్లలకు జ్వరం, వాంతులు, విరేచనాలు: ఇంట్లో ఎలా చూసుకోవాలి, ఎలా తేరుకోనివ్వాలి

"సిరప్ పోశాం, రెండు గంటలకే మళ్లీ ఒళ్లు కాలుతోంది, ఇంకో డోసు వేయొచ్చా?" "నిన్నటి నుంచి ముద్ద ముట్టలేదు, ఏం పెట్టాలి?" "జ్వరం పోయి నాలుగు రోజులైంది, ఇంకా చంక దిగడం లేదు, ఇది మామూలేనా?" చిన్నపిల్లలున్న వాళ్ల నుంచి తిప్పి తిప్పి ఈ మూడు ప్రశ్నలే వస్తుంటాయి. మూడింటికీ ఒకేచోట జవాబు ఉండాలని ఇది రాస్తున్నాను.

ఇది ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల కోసం. మీ బిడ్డకు మూడు నెలలు నిండకుండానే 38 డిగ్రీల సెల్సియస్ (100.4 ఫారెన్‌హీట్) జ్వరం వస్తే ఇది చదువుతూ కూర్చోవద్దు, వెంటనే ఆస్పత్రికి బయల్దేరండి. మూడు నుంచి ఆరు నెలల మధ్య అయితే ముందు డాక్టరుతో మాట్లాడి తర్వాత మిగతా పనులు చూడండి.

థర్మామీటర్‌లో అంకె చూసి బెంబేలెత్తేవాళ్లే ఎక్కువ. నన్నడిగితే ఆ అంకె కంటే మూడు సంగతులు ముఖ్యం: బిడ్డ ఎంత తాగింది, ఎన్నిసార్లు మూత్రం పోసింది, మందు పనిచేసి జ్వరం దిగిన గంటలో ఎలా ఉంది. డాక్టరు మొదట అడిగేవీ దాదాపు ఇవే.

దగ్గర ఉండాల్సినవి

- డిజిటల్ థర్మామీటర్. పాదరసం ఉన్న గాజుది వద్దు.
- సూది లేని 5 మి.లీ. సిరంజి, లేదా మందు డబ్బాలో వచ్చిన కొలత గొట్టం. వంటింటి చెంచాలు ఒక్కోటి ఒక్కో సైజు, మందు కొలవడానికి పనికిరావు.
- పారాసిటమాల్ ఒకే రకం, ఒకే బలం ఉన్నది. రెండు రకాల సీసాలు ఇంట్లో ఉంటే ఒకటి తీసేయండి, కారణం మూడో అంచెలో చెబుతాను.
- ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, నీళ్లు కచ్చితంగా కొలవగలిగే సీసా.
- బిడ్డ ఈమధ్య బరువు ఎంతో కాగితం మీద. ఆరు నెలల కిందటి బరువు పనికిరాదు.
- ఒక నోటుపుస్తకం, పెన్ను.

దగ్గు, జలుబు సిరప్‌లు ఈ జాబితాలో కావాలనే పెట్టలేదు. నాలుగేళ్ల లోపు పిల్లలకు డాక్టరు రాయకుండా అవి పోయొద్దు. పైగా వాటిలో కొన్నింటిలో పారాసిటమాల్ కూడా కలిసి ఉంటుంది. జ్వరానికొకటి, జలుబుకొకటి అనుకుని పోస్తే ఒకే మందు రెండుసార్లు పడుతుంది.

1. ఇంట్లో చూసుకోగలిగే జబ్బేనా, ముందు తేల్చుకోండి

కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగకండి:

- లేపినా సరిగ్గా లేవడం లేదు, కళ్లు నిలపడం లేదు, ఒళ్లు వేలాడేస్తోంది
- డొక్కలు ఎగరేస్తోంది, అంటే ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతోంది
- పెదాలు నీలంగా మారాయి
- ఏమి తాగినా వెంటనే కక్కేస్తోంది, లేదా తాగడానికే నిరాకరిస్తోంది
- వాంతి ఆకుపచ్చగా ఉంది, లేదా వాంతిలో, విరేచనంలో రక్తం ఉంది
- మెడ బిగుసుకుపోయింది
- ఒంటి మీద ఎర్రటి, ఊదా రంగు మచ్చలు వచ్చాయి. గాజుగ్లాసు పక్కభాగంతో నొక్కి గాజులోంచి చూసినా మాయం కావడం లేదు
- ఎనిమిది గంటలుగా మూత్రం లేదు, ఏడిస్తే కన్నీళ్లు రావడం లేదు, కళ్లు గుంటలు పడ్డాయి

ఊపిరి వేగం లెక్కపెట్టడం నేర్చుకుంటే సగం అనుమానాలు తీరతాయి. బిడ్డ నిద్రలో ఉన్నప్పుడో, ఏడవకుండా ఒళ్లో ఉన్నప్పుడో చొక్కా పైకి తీసి, పొట్ట పైకి లేవడం ఒకటిగా లెక్కపెట్టండి. గడియారం పెట్టుకుని నిండా ఒక నిమిషం. పదిహేను సెకన్లు లెక్కేసి నాలుగుతో గుణించడం పెద్దవాళ్లకు సరిపోతుందేమో గానీ, చిన్నపిల్లల ఊపిరి ఒకే తీరుగా ఉండదు. రెండు నెలల నుంచి ఏడాది లోపు పిల్లల్లో నిమిషానికి 50, ఏడాది నుంచి ఐదేళ్ల దాకా 40, లేదా అంతకు మించి వస్తే డాక్టరు చూడాల్సిందే. జ్వరం మీద ఉన్నప్పుడు ఊపిరి కాస్త వేగంగానే ఉంటుంది కాబట్టి, వేరే ప్రమాద లక్షణాలేవీ లేకపోతే జ్వరం దిగాక ఇంకోసారి లెక్కపెట్టి చూడండి.

2. జ్వరం సరిగ్గా చూడండి

చంకలో చెమట తుడిచి, థర్మామీటర్ కొన చర్మానికి తగిలేలా పెట్టి, చెయ్యి ఒంటికి ఆనించి పట్టుకోండి. బీప్ అనే దాకా కదిలించొద్దు. స్నానం చేయించిన వెంటనే, దుప్పట్లోంచి తీసిన వెంటనే చూడొద్దు. చంకలో వచ్చే అంకె ఒంట్లోని అసలు వేడి కంటే కాస్త తక్కువే ఉంటుంది. దానికి ఏదో కలిపి లెక్కలేయకండి. "చంకలో ఇంత" అని రాసుకుంటే డాక్టరుకు అర్థమవుతుంది. చూసిన ప్రతిసారీ అదే చోట చూడండి.

అరగంటకోసారి చూడటం వల్ల వచ్చేది మీకు భయం, బిడ్డకు చిరాకు. మందు వేసే ముందు ఒకసారి, వేశాక గంటన్నరకు ఒకసారి చాలు.

3. మందు లెక్క

ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే, అందుకే నిదానంగా చదవండి.

పారాసిటమాల్ డోసు వయసును బట్టి కాకుండా బరువును బట్టి వేస్తే కచ్చితంగా ఉంటుంది: కిలోకు 10 నుంచి 15 మి.గ్రా. డోసుకూ డోసుకూ మధ్య కనీసం నాలుగు గంటలు, 24 గంటల్లో నాలుగుసార్లకు మించొద్దు.

12 కిలోల బిడ్డనే తీసుకుందాం. కిలోకు 10 చొప్పున 120 మి.గ్రా. కావాలి. సీసా మీద "5 మి.లీ.లో 120 మి.గ్రా." అని ఉంటే 5 మి.లీ. పోయాలి. "5 మి.లీ.లో 250" అని ఉంటే 2.4 మి.లీ. అదే పసిపిల్లల డ్రాప్స్ అయితే, చాలావాటిలో ఒక్క మి.లీ.లోనే 100 మి.గ్రా. ఉంటుంది, 1.2 మి.లీ. చాలు. ఇప్పుడు ఒక్కసారి ఊహించండి: "5 మి.లీ. పోయమన్నారు" అన్న మాట మాత్రం గుర్తుంది, చేతిలో ఉన్నది డ్రాప్స్ సీసా. ఒకే దెబ్బకు 500 మి.గ్రా. వెళ్లిపోతుంది, నాలుగింతలకు పైగా. ఎక్కువైన పారాసిటమాల్ కాలేయం మీద పడుతుంది, అదీ వెంటనే బయటికి కనిపించదు. అలా జరిగిందని అనుమానం వచ్చినా, బిడ్డ బాగానే ఆడుకుంటున్నా, సీసా పట్టుకుని ఆస్పత్రికి వెళ్లండి.

కాబట్టి "ఎన్ని మి.లీ." అని ఎప్పుడూ గుర్తుపెట్టుకోవద్దు, "ఎన్ని మి.గ్రా." అని గుర్తుపెట్టుకోండి. కొత్త సీసా తెచ్చిన ప్రతిసారీ లెక్క మళ్లీ వేయండి.

రెండు గంటలకే మళ్లీ కాలుతోందంటే ఏం చేయాలి? ముందు ఒక సంగతి. ఈ మందు జ్వరాన్ని ఒకటి, ఒకటిన్నర డిగ్రీల సెల్సియస్ దించితే పనిచేసినట్టే. 104 నుంచి 102కు వచ్చి బిడ్డ లేచి కూర్చుంటే మందు పని అయిపోయింది, మామూలు అంకెకు రావాలని లేదు. మళ్లీ పెరిగినా నాలుగు గంటలు నిండేదాకా ఆగాలి. పల్చటి బట్టలు వేయండి, గాలి ఆడనివ్వండి, తాగించండి. తడిగుడ్డతో తుడవడం బిడ్డకు హాయిగా ఉంటే గోరువెచ్చటి నీళ్లతో తుడవండి, వణకడం మొదలైతే ఆపేయండి. ఐస్, చన్నీళ్లు, స్పిరిట్ అసలు వద్దు. వణుకుతోందని నాలుగు దుప్పట్లు కప్పడమూ వద్దు. జ్వరం ఉన్నా ఆడుకుంటూ, తాగుతూ ఉంటే మందు వేయకపోయినా నష్టం లేదు.

జ్వరం తగ్గించే ఇంకో మందు ఐబుప్రొఫెన్, అది డాక్టరు చెబితేనే. విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గిన బిడ్డకు అది మూత్రపిండాల మీద భారం. డెంగీ అనుమానం ఉన్నప్పుడు అస్సలు వేయకూడదు. ఇదొకటీ అదొకటీ మార్చి మార్చి వేయడం రాత్రి రెండు గంటలప్పుడు నిద్రమత్తులో లెక్క తప్పడానికి దగ్గరి దారి. ఆస్పిరిన్ పిల్లలకు ఇవ్వనే ఇవ్వకూడదు.

4. మందు లోపలికి వెళ్లేలా పోయడం

బిడ్డను కూర్చోబెట్టి, లేదా తల ఎత్తి ఒళ్లో పట్టుకుని, సిరంజి కొనను బుగ్గ లోపలి వైపు పెట్టి కొంచెం కొంచెంగా నొక్కండి. మింగాక మళ్లీ కొంచెం. పడుకోబెట్టి, ముక్కు మూసి గొంతులోకి ఒక్కసారిగా పోస్తే పొలమారుతుంది, రేపటి నుంచి సిరంజి చూడగానే నోరు బిగిస్తుంది. సీసా నిండా పాలలో మందు కలపొద్దు. సగం తాగి వదిలేస్తే ఎంత మందు వెళ్లిందో తెలియదు.

పోసిన పదిహేను నిమిషాల్లోపే అంతా కక్కేస్తే ఒక్కసారి మళ్లీ పోయొచ్చు. అరగంట దాటాక కక్కితే మళ్లీ వద్దు, తర్వాతి డోసు దాకా ఆగండి.

5. తాగించడం

తిండి రెండు మూడు రోజులు తగ్గితే ఏమీ కాదు. నీళ్లు తగ్గితేనే ఆస్పత్రి పాలవుతారు.

ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్ సాధారణంగా లీటరు నీళ్లకు, చిన్నది 200 మి.లీ.కి, ఎంతకో ప్యాకెట్ మీదే రాసి ఉంటుంది. ప్యాకెట్ మొత్తం ఒకేసారి అన్ని నీళ్లలోనూ కలపాలి. గ్లాసులో కాస్త పొడి వేసి కలిపి, మిగతాది మడిచి దాచుకోవడం చాలా ఇళ్లలో చూసే తప్పు. నీళ్లు తక్కువైతే ఉప్పు ఎక్కువై హాని చేస్తుంది, ఎక్కువైతే పనిచేయదు. రుచి కోసం చక్కెర, పళ్లరసం కలపొద్దు. కలిపాక వేడి చేయొద్దు. 24 గంటలు దాటితే పారబోయండి. ప్యాకెట్ దొరకని రాత్రి లీటరు శుభ్రమైన నీళ్లలో తలకొట్టిన ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు కలిపి తెల్లారేదాకా నెట్టుకురావచ్చు. ఇక్కడ టీస్పూనంటే 5 మి.లీ. కొలత. కూల్‌డ్రింకులు, డబ్బా జ్యూసులు దీనికి బదులు కావు. వాటిలో చక్కెర ఎక్కువై విరేచనాలు ఇంకా పెరుగుతాయి.

ఎంత పట్టాలి: నీళ్ల విరేచనం అయిన ప్రతిసారీ రెండేళ్ల లోపు పిల్లలకు 50 నుంచి 100 మి.లీ., ఆపై వాళ్లకు 100 నుంచి 200 మి.లీ. తల్లిపాలు తాగే బిడ్డకు పాలు ఆపొద్దు, ఇంకా ఎక్కువసార్లు పట్టండి.

వాంతులు ఉన్నప్పుడు ఇలా చేయండి. కక్కాక పది నిమిషాలు ఏమీ పట్టొద్దు. తర్వాత సిరంజితో 5 మి.లీ., రెండు నిమిషాలు ఆగి మళ్లీ 5. దాహంతో గ్లాసు లాక్కుంటుంది, ఏడుస్తుంది, మీ మనసు కరుగుతుంది. అయినా గ్లాసు ఇవ్వొద్దు. ఖాళీ కడుపులో ఒక్కసారిగా పడిన గ్లాసెడు నీళ్లు మళ్లీ బయటికే వస్తాయి, అప్పుడు "నీళ్లు కూడా నిలవడం లేదు" అనుకుంటాం. 5 మి.లీ. చూడ్డానికి ఏ మూలకూ చాలదనిపిస్తుంది గానీ, రెండు నిమిషాలకోసారి అంటే గంటకు 150 మి.లీ. ఓపికే కావాలి. గంటసేపు నిలిచాక మోతాదు కొంచెం కొంచెంగా పెంచండి.

సరిపోతోందని ఎలా తెలుస్తుంది? మూత్రం చూసి. ఆరు గంటల్లో ఒకసారైనా రావాలి, లేత రంగులో ఉండాలి. నీళ్ల విరేచనాలు అవుతుంటే డైపర్‌లో ఏది మూత్రమో తెలియదు. డైపర్ లోపల ముందువైపు కాస్త దూది పెడితే అది తడిసి, లేతపసుపుగా కనిపిస్తుంది. ఇప్పటి డైపర్లు తడిని లోపలికి లాగేసి పైన పొడిగానే ఉంటాయి కాబట్టి చేత్తో తడిమి చూస్తే సరిపోదు, కొత్తదాంతో పక్కపక్కన పెట్టి బరువు చూడండి.

విరేచనాలు కట్టేసే మాత్రలు చిన్నపిల్లలకు వద్దు. డాక్టరు జింక్ రాస్తే విరేచనాలు రెండో రోజే ఆగినా చెప్పిన 10 నుంచి 14 రోజులూ వేయండి.

6. తిండి

లంఖణం పరమౌషధం అన్న మాట పెద్దవాళ్లకు వదిలేయండి. వాంతులు సద్దుమణిగిన కొన్ని గంటల నుంచే ఇంట్లో మామూలుగా తినేదే, కాస్త మెత్తగా, రెండు మూడు ముద్దలు, రోజుకు ఆరేడుసార్లు పెట్టండి. వద్దంటే బలవంతం చేయొద్దు, గంట తర్వాత మళ్లీ అడగండి. వాంతులైన రోజు బలవంతంగా కుక్కిన పదార్థాన్ని కొందరు పిల్లలు నెలల తరబడి ముట్టరు. ఏడాది దాటిన పిల్లలకు దగ్గుకు రాత్రి అర టీస్పూను తేనె ఇవ్వొచ్చు. ఏడాది లోపు తేనె నాకించొద్దు, దానివల్ల బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు.

7. రాత్రి

నోటుపుస్తకం అసలు విలువ రాత్రి తెలుస్తుంది. ఇలా ఉంటే చాలు:

రాత్రి 8:10 – చంకలో 102.6. పారాసిటమాల్ 120 మి.గ్రా. (250/5 సీసా, 2.4 మి.లీ.)
9:40 – 101. లేచి కూర్చుంది, బొమ్మ అడిగింది. ఓఆర్‌ఎస్ 60 మి.లీ.
10:15 – మూత్రం
11:00 – నీళ్ల విరేచనం. ఓఆర్‌ఎస్ 50 మి.లీ.
12:10 ముందు మందు వద్దు

ఆఖరి గీత చూడండి, తర్వాతి డోసు ఎప్పుడన్నది ముందే రాసిపెట్టారు. ఇద్దరు పెద్దవాళ్లు ఉంటే వంతులు వేసుకుని పడుకోండి. ఒకరు పోసింది ఇంకొకరికి తెలియక రెండోసారి పోయడం ఈ ఒక్క గీతతో ఆగిపోతుంది. మందు వేసే టైము అయిందని హాయిగా నిద్రపోతున్న బిడ్డను లేపక్కర్లేదు. ఊపిరి, ఒంటి రంగు చూసి వదిలేయండి.

8. ఫిట్స్ వస్తే

ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో కొందరికి జ్వరంతో ఫిట్స్ వస్తాయి. చూడ్డానికి ప్రాణం పోతున్నట్టే ఉంటుంది, చాలావరకు ఐదు నిమిషాల్లోపే ఆగిపోతుంది. నేల మీద పక్కకు తిప్పి పడుకోబెట్టండి, చుట్టూ గట్టి వస్తువులు తీసేయండి, గడియారం చూడండి. నోట్లో చెంచా, వేలు, నీళ్లు, మందు ఏదీ పెట్టొద్దు. కాళ్లూ చేతులూ అదిమి పట్టొద్దు. ఐదు నిమిషాలు దాటితే అంబులెన్స్ పిలవండి. మొదటిసారి అయితే, ఎంత త్వరగా ఆగినా ఆ రోజే డాక్టరుకు చూపించాలి. జ్వరం మందు ముందే వేస్తే ఫిట్స్ రావన్న నమ్మకంతో ఎక్కువ డోసులు వేసేవాళ్లున్నారు. ఆ మందు ఫిట్స్‌ను ఆపదు.

9. యాంటీబయాటిక్ రాస్తే

పొడి ఉన్న సీసా అయితే ముందు కుదిపి పొడి విడిపోయాక, కాచి చల్లార్చిన నీళ్లు గీత దాకా పోసి కలపండి. నురగ దిగాక మట్టం గీత కంటే కిందికి పోతే మళ్లీ గీత దాకా నింపాలి. ఈ రెండో సారి నింపడం మరిచిపోతే ప్రతి డోసూ చిక్కనవుతుంది. వేసే ముందు ప్రతిసారీ కుదపండి. రెండో రోజు జ్వరం పోయిందని ఆపొద్దు, మిగిలింది వచ్చేసారికి దాచొద్దు, పెద్దపిల్లాడి సీసా చిన్నదానికి పోయొద్దు. జలుబు లాంటి వైరస్ జబ్బులకు ఇది పనిచేయదు, "ఏదైనా గట్టి మందు రాయండి" అని డాక్టరును తొందరపెట్టకండి.

10. జ్వరం పోయాక

రెండేళ్ల లోపు బిడ్డకు జ్వరం ఒక రోజు దాటినా, ఆపై పిల్లలకు మూడు రోజులు దాటినా డాక్టరుకు చూపించండి. పూర్తిగా పోయి, రోజు రెండు రోజులు ఆగి మళ్లీ వచ్చినా అంతే. ఇంకొకటి: జ్వరం దిగింది, బిడ్డ మాత్రం ఇంకా వాడిపోతోంది, కడుపునొప్పి అంటోంది, ఆగకుండా వాంతులు. డెంగీలో ముప్పు మొదలయ్యేది తరచుగా జ్వరం దిగే వేళే. థర్మామీటర్ చూసి ఊపిరి పీల్చుకుంటే మోసపోతారు.

మామూలు జబ్బుల్లో ముందు ఆట తిరిగి వస్తుంది, ఆకలి చివర్లో వస్తుంది. దగ్గు రెండు మూడు వారాలు లాగుతుంది, రోజురోజుకూ తగ్గుతూ ఉంటే చాలు. విరేచనాల తర్వాత రెండు వారాలు రోజుకు ఒకపూట అదనంగా పెట్టండి. రెండు వారాలకు బరువు చూసి మునుపటి బరువు పక్కన రాసుకోండి, తేరుకున్నదీ లేనిదీ తెలుస్తుంది.

చంక దిగకపోవడం, రాత్రి ఉలిక్కిపడి లేవడం, ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవడం, చిన్నదానికి కూడా మంకుపట్టు పట్టడం ఒకటి రెండు వారాలు సాగుతాయి. తిట్టొద్దు. అలాగని అన్నీ వదిలేయనూ వద్దు. జబ్బు రోజుల్లో చేతికిచ్చిన ఫోన్ వెనక్కి తీసుకోవడం జ్వరం తగ్గించడం కంటే కష్టమని చాలామంది ఒప్పుకుంటారు. ముందు నిద్ర వేళను దారిలో పెట్టండి, తర్వాత తిండి వేళ, ఆ తర్వాత ఫోన్. మూడూ ఒకే రోజు పెట్టుకుంటే ఇంట్లో యుద్ధమే.

బడికి, పిల్లల సంరక్షణ కేంద్రానికి ఎప్పుడు పంపాలి? మందు లేకుండా 24 గంటలు జ్వరం రాకపోతే. వాంతులు, విరేచనాలు అయితే ఆఖరిసారి అయ్యాక 48 గంటలకు. మొదటి రోజు సగం పూట చాలు. ఆ 48 గంటలూ, తర్వాత కూడా కొన్నాళ్లు, డైపర్ మార్చాక సబ్బుతో చేతులు కడగండి. వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ మీద శానిటైజర్ సరిగా పనిచేయదు.

ఇంకో నెలలోపే మళ్లీ జలుబు చేస్తే రోగనిరోధక శక్తి లేదని కంగారుపడకండి. చిన్నపిల్లలకు ఏడాదికి ఆరు నుంచి ఎనిమిదిసార్లు జలుబు చేయడం మామూలే. బరువు పెరగకపోయినా, న్యుమోనియా మళ్లీ మళ్లీ వచ్చినా అప్పుడు అడగాలి.

గట్టి జ్వరం వచ్చిన రెండు మూడు నెలలకు జుట్టు ఊడొచ్చు, అది మళ్లీ వస్తుంది. నోట్లో, అరచేతుల్లో, పాదాల్లో పొక్కులు తేలే హ్యాండ్ ఫుట్ మౌత్ జబ్బు చేసిన కొన్ని వారాలకు గోళ్లు పైకి లేచి ఊడిపోవడం కూడా ఉంది. లాగొద్దు, బట్టలకు తగలకుండా వదులైన అంచు వరకే కత్తిరించండి. కింద కొత్త గోరు వస్తూనే ఉంటుంది.